నురుగును నమ్మవద్దు

తామరాకు మీద నీటిబొట్టు నిలువదని పెద్దలు ఊరక అనలేదు. హైదరాబాదు హైటెక్ సిటీ ప్రక్కనున్న దుర్గం చెరువును పలుమార్లు కమ్మిన గుర్రపుడెక్క ఆకును చూడుడు. నీరు దానిమీద ముత్యమువలె దొర్లిపోవును. మన పొలములోని అనేక కలుపు మొక్కల ఆకులకును అట్టి మైనపు పొర కలదు. ఆ ఆకులపై చల్లిన మందు జారి నేలపాలైనచో మందు వెల, కూలి రెండును దండుగ.

దుకాణములలో స్టిక్కర్ అని అమ్ము జిగురుమందు దీనికి విరుగుడు. నీటిచుక్కను గుండ్రముగా పట్టియుంచు బిగిని తలతన్యత అందురు. మామూలు నీటికి ఇది మీటరుకు 72 మిల్లీన్యూటనులు. జిగురుమందు కొద్దిగా కలిపినచో సుమారు 30కి దిగును. అప్పుడు చుక్క పరచుకొని ఆకునంటును. జిగురుమందులలో కొన్ని చుక్కను త్వరగా ఆరనీయక, మైనపు పొర గుండ మందు లోనికి ఇంకుటకు తోడ్పడును.

కొంచెము మేలు చేసినచో రెట్టింపు మరింత మేలు చేయదా అని మీరడుగవచ్చును. చేయదు. ఒక పరిమితి దాటిన పిమ్మట తలతన్యత ఇక తగ్గదు. పైగా మందు ఆకునుండి కారిపోవును. పైరు ఆకులోనికి సైతము మందు అధికముగా చొచ్చి, కలుపుతోపాటు పైరును మాడ్చు ప్రమాదము కలదు.

ఇక సబ్బుపొడి మాట. చవక గదా యని గుప్పెడు పొడి డబ్బాలో వేసి, నురుగు చూచి సంతోషించువారున్నారు. నురుగు వేరు, మందు ఇంకుట వేరు. బట్టలకు చేసిన పొడిలో సోడా, ఉప్పులు ఉండును. అవి కలుపుమందుతో ఎట్లు పొసగునో ఆ పొట్లము మీద వ్రాసియుండదు. గుప్పెడు అనునది కొలతయు కాదు. సున్నపు అంశము ఎక్కువగానున్న బోరునీటిలో సబ్బు తెట్టె కట్టును. అట్టి నీరు గ్లైఫోసేటు బలమును కూడ తగ్గించును. పది రూపాయల ఆదాకై వందల రూపాయల మందును పాడుచేసికొనుట తెలివి కాదు.

కావున డబ్బా మీది చీటీ చదువుడు. కొన్ని మందులలో జిగురుపదార్థము ముందే కలిపియుండును. చీటీ కోరినచో మాత్రమే, కోరిన రకమును, కోరిన మోతాదున కలుపుడు.

చెరువులోని గుర్రపుడెక్కకు కూడ మందు కొట్టుదమనువారితో నేను ఏకీభవించను. కొన్ని గ్లైఫోసేటు మందులలో వాడిన టాలో అమైన్ జాతి జిగురుపదార్థము చేపలకు, కప్పపిల్లలకు గ్లైఫోసేటుకంటె హెచ్చు విషము. ఆకు పొరను దాటించు గుణమే చేప మొప్పలకు ముప్పు. చచ్చిన డెక్క కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరించును. నగరపు మురుగు మూసీలో చేరును. ఆ నీటితోనే దిగువ రైతులు వరి, పశుగ్రాసము పండించుచున్నారు. పైన పోసినది క్రిందివారి పొలమునకు చేరునని మరువరాదు. డెక్కను యంత్రముతోనో చేతితోనో తీయించుటయే మేలు.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము గ్లైఫోసేటును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే చల్లవలెనని ఉత్తరువు ఇచ్చినది. ఈ సంగతి గ్రామాధికారులు రైతులకు తెలియజెప్పవలెను.

రైతు సోదరులారా! మందు చల్లుటకు ముందు చేతికి తొడుగు వేసికొని, ఒక కలుపు ఆకుపై మంచినీటి చుక్కను, వేరొక ఆకుపై కలిపిన మందు చుక్కను వేసి చూడుడు. మందు చుక్క పరచుకొనినచో అది ఆకునంటునట్లే. అంతకుమించి కలుపనక్కరలేదు.