ఆమె చేతిపని ఎవరి సొమ్ము?

మన మొహల్లాల్లో ప్రతి వీధికీ అటువంటి ఇల్లాలు ఒకరు తప్పక ఉంటారు. పెండ్లికూతురికి మెహందీ పెట్టాలన్నా, దుపట్టాకు గోటా కుట్టాలన్నా, అఖీఖాకు వచ్చే వందమందికి సరిపడా ఖుబానీ మీఠా వండాలన్నా అందరూ ముందుగా ఆమె తలుపే తడతారు. ఆమె కాదనదు. రెండు రాత్రుల నిద్ర చెడగొట్టుకునైనా పని పూర్తి చేసి ఇస్తుంది. ప్రతిగా ఆమెకు లభించేది ఒక కప్పు చాయ్, 'జజాకల్లాహ్' అనే ఒక మాట. దుఆ విలువ తక్కువని మేము అనడం లేదు. కాని అదే పని బజారులో చేయిస్తే రొక్కం లెక్కపెట్టి ఇచ్చే మనం, పక్కింటి ఆమె చేసేసరికి దానిని 'సరదా' అనీ 'కాలక్షేపం' అనీ ఎందుకు అంటున్నాం?

'ఇంటి ఆడవాళ్ళ సంపాదన తినే గతి మాకింకా పట్టలేదు' అని మీసం మెలేసే పెద్దలు మనలో తక్కువేమీ కాదు. వారు ఒకసారి చరిత్ర వైపు చూడాలి. హజ్రత్ ఖదీజా (రజి) మక్కాలో పేరున్న వర్తకురాలు. వివాహానికి ముందు దైవప్రవక్త (స) ఆమె సరుకు తీసుకుని సిరియాకు వెళ్ళివచ్చిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోళ్ళు పదును చేసి, కుట్టి, వచ్చినదంతా పేదలకు పంచిపెట్టేవారు. ఇబ్నె మస్వూద్ (రజి) సతీమణి చేతిపనితో సంపాదించి భర్తపై, పిల్లలపై వెచ్చించేవారు. అందుకు పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త (స) తెలిపినట్లు హదీసుల్లో ఉంది. అక్కడ పుణ్యం అన్నారే గాని బాధ్యత అనలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను మనం గమనించాలి.

ఇంటి ఖర్చు భరించవలసినవాడు భర్త. భార్య ధనవంతురాలైనా సరే, ఆ బాధ్యత ఆమె మీదికి రాదు. పురుషుల సంపాదనలో పురుషులకు, స్త్రీల సంపాదనలో స్త్రీలకు వాటా ఉందని సూరా అన్నిసా 32వ ఆయత్ స్పష్టం చేస్తోంది. ఇంగ్లండులో పెళ్ళయిన స్త్రీకి తన కూలి డబ్బు తానే ఉంచుకునే హక్కు 1870లో చట్టం చేశాక గాని దక్కలేదు. మనకు ఆ హక్కు అంతకు పన్నెండు శతాబ్దాల మునుపే ఉంది. ఆమె దాచుకున్నది నిసాబ్ దాటి ఏడాది గడిస్తే జకాత్ చెల్లించవలసింది కూడా ఆమే.

ఇవన్నీ మనం ఉపన్యాసాల్లో వింటూనే ఉంటాం. ఇంట్లో జరిగేది వేరు. ఆమె నెలకు రెండు వేలు తెచ్చుకోవడం మొదలుపెట్టగానే ఆయన ఇచ్చే ఖర్చులో సరిగ్గా రెండు వేలు తగ్గుతాయి. పాల డబ్బు ఆమె వంతు అవుతుంది, తర్వాత ట్యూషన్ ఫీజు. ఎవరూ నోరు తెరిచి అడగరు, అయినా అలా జరిగిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఆమెకు పని రెట్టింపవుతుంది, చేతిలో మాత్రం ఏమీ మిగలదు. ఆమె ఇష్టపూర్వకంగా ఇస్తే అది ఔదార్యం. ఆమె మొహమాటాన్ని చూసుకుని తీసుకుంటే దానిని ఏమనాలో ఆ భర్తలే ఆలోచించుకోవాలి.

ఇక ధర సంగతి. మగ్గం పని చేసే ఒక సోదరి జాకెట్టుకు 1500 రూపాయలు తీసుకుంటోందనుకుందాం. జరీ, పూసలు, చమ్కీలకు 500 పోగా వెయ్యి మిగిలిందని ఆమె సంతోషిస్తుంది. బజారుకు వెళ్ళివచ్చిన ఆటోకు వంద తీసేయండి. ఆ పనికి పట్టింది మొత్తం 25 గంటలు. అంటే గంటకు 36 రూపాయలు! కళ్ళు మంటలెత్తేలా రాత్రి ఒంటిగంట దాకా వంగి కుట్టినందుకు దక్కిన కూలి ఇది. ఆమె అంతకే కుట్టాలో, ధర పెంచాలో, పని తగ్గించుకోవాలో ఆమె ఇష్టం. కాని ఈ లెక్క ఒక్కసారైనా కాగితం మీద పెట్టి చూసుకోవాలి కదా! మన ఆడపడుచుల్లో చాలామందికి సరుకు ధర పైసాతో సహా గుర్తుంటుంది, తమ గంటలే గుర్తుండవు.

ఈ గంటల లెక్క తెలిసినవాడు మధ్యవర్తి. పాతబస్తీలో జర్దోజీ కుట్టే చేతులు ఇళ్ళలో ఉంటాయి, ఆ పనికి వచ్చే ధర దుకాణాల్లో ఉంటుంది. నడుమ ముక్కకు ఇంతని ఇచ్చి పట్టుకుపోయేవారు ఉంటారు. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే, వేడి లక్క మీద ఒక్కొక్క రాయీ అద్దే ఆమె కూలి ఆ గుర్తింపుతో దానంతటదే పెరగదు. లక్నోలో చికన్ కుట్టే స్త్రీల బాధ కూడా ఇదే. వారిలో అత్యధికులు ముస్లిం స్త్రీలు. 1984లో అక్కడ ఏర్పడిన 'సేవా లక్నో' సంస్థ మధ్యవర్తులను పక్కనపెట్టి సరుకును నేరుగా కొనుగోలుదార్లకు చేర్చే దారి పట్టింది. అంతకు ముందు, 1959లో బొంబాయిలో ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. అదే నేటి లిజ్జత్ పాపడ్. పిండి ఇంటికి పట్టుకెళ్ళి, వత్తి, ఎండబెట్టి తెచ్చిచ్చే ప్రతి సోదరీ ఆ సంస్థలో కూలీ కాదు, భాగస్వామి. అప్పడం వత్తడం మన దగ్గర ఎవరికి రాదు? వారు చేసిన గొప్ప పని లెక్క కలిసి చూసుకోవడం. ఒకే గల్లీలో నలుగురు మగ్గం పని చేస్తూ, ఒకరికి తెలియకుండా ఒకరు ధర తగ్గించుకునే మనకు ఇది ఎప్పుడు పట్టుబడుతుందో!

పెట్టుబడి ఎక్కడిదని అడుగుతారు. అప్పు చేయడం మొదటి మెట్టు కాకూడదని మా అభిప్రాయం. వడ్డీ విషయంలో ధర్మం ఏమంటుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. లోకానుభవం కూడా అదే చెబుతోంది. వారం వారం వాయిదాల కోసం మైక్రో ఫైనాన్స్ వసూలుదార్లు ఇళ్ళ ముందు కూర్చున్న రోజులను, ఆత్మహత్యల వార్తలను, చివరకు 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి రావడాన్ని మన తెలుగువారు అంత తొందరగా మరచిపోరాదు. పని ఒప్పుకునేటప్పుడే సగం బయానాగా తీసుకుంటే సరుకు దానితోనే వస్తుంది. బంధువుల దగ్గర బయానా అడగడానికి నోరు రాదంటారు. అరువు వ్యవహారాన్ని వ్రాసిపెట్టుకోమని ఆదేశించే ఆయత్ ఖుర్ఆన్ మొత్తంలో అన్నింటికంటే పొడవైనది (అల్ బఖర 282). వ్రాసుకోవడం అపనమ్మకమైతే ఆ ఆదేశమే వచ్చేది కాదు. రెండు రూపాయల పెన్ను, ఒక నోటుపుస్తకం చాలు. తినుబండారాలు అమ్మేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ఇంట్లో వండి అమ్మేవారు కూడా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

మగపిల్లలకు కూడా ఇందులో వాటా ఉంది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెండ్లి కార్డులకు ఉర్దూ అక్షరాలు చేత్తో వ్రాసే కాతిబ్‌లు ఒకప్పుడు ఎందరో ఉండేవారు. 1990లలో కంప్యూటర్ ఉర్దూ అక్షరాలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. ఇంట్లో గోడకు తగిలించుకునే ఖత్తాతీ ఫ్రేములకు మాత్రం నేటికీ కొనేవారున్నారు. కళ అదే, అడిగేవారు మారారు. ఉన్న ఉద్యోగం మానుకుని ఇటువంటివాటిలో దూకమని మేము చెప్పడం లేదు. సాయంత్రపు రెండు గంటలతో మొదలుపెట్టి, ఆరు నెలల లెక్క చూసుకుని ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు. కొన్ని ఇష్టాలను అమ్మకానికి పెట్టకుండా ఉంచుకోవడం కూడా తప్పు కాదు. అక్క కూతురి పెండ్లికి మెహందీ పెట్టి డబ్బు తీసుకోవడం ఎవరికి మాత్రం బాగుంటుంది? అయితే, అది ఆమె ఇచ్చిన కానుక అని అందరికీ తెలియాలి, ధర చెప్పి మరీ మాఫీ చేస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు చాలా ఇళ్ళ గుమ్మాల దగ్గర క్యూఆర్ కోడ్ అట్టముక్క కనిపిస్తోంది. కుట్టేది ఆమె, వండేది ఆమె. కొన్నవారు ఫోనుతో స్కాన్ చేసినప్పుడు తెరమీద వచ్చే పేరు మాత్రం భర్తదో, కొడుకుదో అవుతోంది. ఆమెకు ఆధార్ కార్డు ఉంది. ఆమె పేరిట సేవింగ్స్ ఖాతా తెరవడానికి, దానికి ఆమె సొంత ఫోను నంబరు కలపడానికి బ్యాంకులో ఒక పూట పని. ఫోనులో డబ్బు వచ్చిందో లేదో చూసుకోవడం పదో తరగతి చదివే కూతురు నేర్పగలదు. వచ్చే వారం ఆయన పనికి వెళుతూ ఆమెను బ్యాంకు దగ్గర దించి వెళితే సరి.