చీపురు పట్టిన విద్యార్థి, చేతిరుమాలు పట్టిన గురువు

ఇంటిలో తాను భుజించిన కంచమును తానెన్నడును ఎత్తి యెరుగని మా తమ్ముని కుమారుడు, అమెరికాలోని ఒకానొక విశ్వవిద్యాలయమున ఎం.ఎస్. చదువబోయి, అచటి భోజనశాలలో పరుల కంచములు కడుగుచున్నాడని తెలిసిన దినమున వాని తల్లి కంట తడిపెట్టుకొనెను; మా తమ్ముడు రెండు దినములు ఎవ్వరితోను సరిగా మాటలాడలేదు. నాకు మాత్రము, సత్యము చెప్పవలెనన్న, దుఃఖము కలుగలేదు, కుతూహలము కలిగినది. ఆ పిమ్మట కొంతకాలమునకు ఆ దేశమునకు పోయి మూడు మాసములు ఉండు అవకాశము లభించినపుడు ఆ కుతూహలమును కొంతవరకు తీర్చుకొంటిని.

ఎఫ్-1 వీసాపై పోయిన విద్యార్థి తరగతులు జరుగు కాలమున వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదు. ఆ పనియు సాధారణముగా విశ్వవిద్యాలయపు ఆవరణలోనిదే కావలెను. 1964లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దారిద్ర్యముపై ప్రకటించిన సమరములో భాగముగా వెలసిన వర్క్-స్టడీ పథకము స్వదేశపు విద్యార్థులకే గాని మనవారికి వర్తించదు. కావున భోజనశాల, గ్రంథాలయము, కంప్యూటరు సహాయ కేంద్రము, సమాధాన పత్రములు దిద్దు గ్రేడరు పని, వీటిలో మిగిలిన ఖాళీలకై మన పిల్లలు సెమిస్టరు ఆరంభమునకు ముందే దరఖాస్తులు చేతబట్టుకొని తిరుగుచుందురు. 2023-24 విద్యాసంవత్సరమున ఆ దేశములో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుండిరని లెక్క. చైనాను దాటి మనదేశము ప్రథమస్థానమున నిలిచినది ఆ సంవత్సరమే. అందులో తెలుగువారెందరో వేరుగా చెప్పనక్కరలేదు, మన వీథులలో ఏ యింటి తలుపు తట్టినను తెలియును.

ఒక సాయంకాలము మావాడు పని ముగించుకొని వచ్చి, జీతమును గూర్చి గాని అలసటను గూర్చి గాని కాక, తన సూపర్‌వైజరును గూర్చి చెప్పసాగెను. ఆమె యాబదియేండ్ల స్త్రీ, పట్టభద్రురాలు కాదు. వీడు చేరిన మొదటి దినమున కత్తులుంచు పెట్టెను వీని చేతికిచ్చి తొలగిపోక, తానే చొక్కా చేతులు పైకి మడిచి, పిడి యెటు, అంచు యెటు ఉండవలెనో చూపుచు పదునైదు నిమిషములు పక్కన నిలుచుండి కడిగినదట. షిఫ్టుల పట్టిక వ్రాయుటకు పూర్వము ప్రతివానిని పరీక్షల తేదీలడిగి, వాటిని ఒక కాగితముపై గుర్తించి గోడకు అంటించునట. ఒకనాడు వీనిని పిలిచి, "మొన్న గురువారము రాత్రి ఎవరును చెప్పకుండగనే యంత్రములోని జల్లెడ తీసి శుభ్రము చేసితివి, నేను చూచితిని" అని మాత్రము చెప్పి తన పనికి తాను పోయినదట. "అంతే పెదనాన్నా, ఇంకేం అనలేదు" అని వాడు నవ్వెను గాని, ఆ మాటను వాడు నాకు మూడుసార్లు చెప్పెను.

వాని గదిలోనే ఉండు మరొక కుర్రవాడు అదే ఆవరణలోని ఒక కార్యాలయమున కాగితములు సర్దు పనిలో ఉండెను. అచట ఏప్రిల్ మాసమున విద్యార్థి ఉద్యోగుల గౌరవార్థము ఒక వారమును జరుపు ఆచారము కలదు. ఆ వారములో వానికి రెండు ముక్కల పిజ్జాయు, విశ్వవిద్యాలయపు ముద్రగల ఒక సంచియు లభించినవి. సంచి మంచిదే; దానిలో వాడు కూరగాయలు తెచ్చుకొనుచున్నాడు. అయితే దానిని చేతికందించిన అధికారి, ఎనిమిది మాసములుగా తన యెదుటనే కూర్చుండి పనిచేసినవానిని, పక్కనున్న మరొక భారతీయుని పేరుతో పిలిచెనట.

మన రెవెన్యూ వ్యవహారములో అజమాయిషీ అని యొక మాట కలదు. అధికారి స్వయముగా గట్టుమీదికి పోయి, ఏ చేనిలో ఏ పైరున్నదో కన్నులార చూచి లెక్క సరిచూచుట దాని అర్థము. గట్టు తొక్కకుండ చావడిలో కూర్చుండి, గత సంవత్సరపు పైరుల లెక్కయగు అడంగలునే ఈ సంవత్సరమునకు దింపిన మహానుభావులును ఉండిరి. పిజ్జాల వారము నాకు ఆ చావడి అడంగలును జ్ఞప్తికి తెచ్చినది. పర్యవేక్షణము అను పదములోనే ఈక్షణమున్నది, అనగా చూపు ఉన్నది. మన కార్యాలయములలో ఆ చూపు పోయి, హాజరుపట్టీలో ఎర్రసిరా గీతయు, తప్పు దొరకినపుడు మాత్రము లేచు కంఠస్వరమును మిగిలినవి. అజమాయిషీ వేరు, మెచ్చుకోలు వేరు, మొదటిది కఠినము, రెండవది మృదులము అని మనము చేసికొనిన విభాగము సరియైనది కాదని నా అభిప్రాయము. పనివానిని దగ్గరగా చూచినవాడు వాని తప్పును ఏ భావముతో చెప్పునో, ఒప్పును గూడ ఆ భావముతోనే చెప్పగలడు. చూడనివాడు చెప్పు పొగడ్త, ఎంత మధురమైనను, వినువానికి చెందదు.

దీనికి నాకు తెలిసిన ఉత్తమ దృష్టాంతము ఒక చీపురు కథ. 1872లో బుకర్ టి. వాషింగ్టన్ అను నల్లజాతి బాలుడు, బానిసగా పుట్టి ఉప్పు కొలుముల వద్దను బొగ్గుగనులలోను పనిచేసినవాడు, కొంత బండిపైనను కొంత కాలినడకనను సుమారు 500 మైళ్లు ప్రయాణము చేసి, దారిలో రిచ్‌మండ్ నగరమున కాలిబాట క్రింద నిదురించి, వర్జీనియాలోని హాంప్టన్ విద్యాలయమునకు చేరెను. దుమ్ముకొట్టుకొనిపోయిన ఆ వేషమును చూచి ప్రధానోపాధ్యాయిని మేరీ మేకీ వానిని చేర్చుకొననూ లేదు, పొమ్మననూ లేదు. కొన్ని గంటల పిమ్మట పక్కగదిని ఊడ్చుమని మాత్రము చెప్పినది. వాడు ఆ గదిని మూడుసార్లు ఊడ్చి, నాలుగుసార్లు గుడ్డతో తుడిచెను. అప్పుడామె వచ్చి, దుమ్ము ఎచ్చట దాగియుండునో ఎరిగినది కావున, మూలలు చూచి, తన చేతిరుమాలు తీసి గోడల చెక్కలను, బల్లలను రుద్ది చూచెను. రుమాలు తెల్లగనే ఉండెను. వానికి ప్రవేశము లభించినది. భోజనవసతుల వ్యయము దాదాపుగా తీరునట్లు ఆ భవనము శుభ్రపరచు ఉద్యోగమును గూడ ఆమెయే యిచ్చినది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి గదులలో నిప్పు రాజవేయుట అందులో భాగము.

ఇంతవరకు చాలమంది యెరుగుదురు. నాకు దీనికన్న ప్రియమైనది తరువాతి ముచ్చట. ఒక వేసవి సెలవుల చివర, విద్యాలయము తెరచుటకు రెండు వారములు ముందుగా వచ్చి సర్దుటలో సహాయపడుమని ఆమె వానిని పిలిపించినది. ఉత్తరదేశపు ప్రాచీన విద్యావంతుల కుటుంబమున పుట్టిన ఆ స్త్రీ, ఆ రెండు వారములును వాని పక్కననే నిలిచి కిటికీ అద్దములు తుడిచినది, మంచములు సర్దినది. చేతిరుమాలుతో పరీక్షించిన చేయియే తుడుపుగుడ్డయు పట్టినది. పిమ్మట 1881లో టస్కెగీలో తానే ఒక విద్యాలయమును నెలకొల్పి, విద్యార్థుల చేతనే ఇటుకలు కాల్పించి భవనములు కట్టించిన వాషింగ్టన్, తన ఆత్మకథలో ఆ రెండు వారములను మరువక వ్రాసికొనెను.

మన మహాభారతమున ఆదిపర్వములో ధౌమ్యుని శిష్యుల కథ కలదు. గండిపడిన గట్టుకు తన శరీరమునే అడ్డముగా వేసిన ఆరుణిని మన పాఠ్యపుస్తకములు చిరకాలము స్తుతించినవి. నేను స్తుతించునది మూడవ శిష్యుడైన వేదుని. గురువు ఇంట ఎద్దువలె బరువులు మోసి, ఆకలిదప్పులను శీతోష్ణములను సహించి విద్య గడించిన ఆ వేదుడు, తాను గురువైన పిమ్మట, గురుకులవాసపు దుఃఖమును తాను అనుభవించి యెరిగినవాడు కావున, తన శిష్యులను క్లేశపెట్టుటకు ఇచ్చగింపలేదట. 'మేమును పడితిమి, మీరును పడుడు' అను న్యాయము మన పరిశోధన విభాగములలో ఎంత స్థిరముగా పాతుకొనినదో ఎరిగినవారికి వేదుని గొప్పతనము తెలియును. గైడుగారి పిల్లలను బడినుండి తెచ్చుటయు, వారింటి కరెంటు బిల్లు కట్టుటయు పిహెచ్.డి.లో అంతర్భాగమని నమ్మిన తరమొకటి ఇంకను సజీవముగనే యున్నది. దానికి శుశ్రూష అని పేరు పెట్టుటవలన జీతమియ్య నక్కరలేకపోయినది.

వేదునికి విపరీతమైన చరిత్రయు నొకటి కలదు. 1872లో మాసచూసెట్స్‌లోని ఆమ్‌హెర్స్ట్ కళాశాలలో మెల్విల్ డ్యూయీ అను విద్యార్థి గ్రంథాలయమున సహాయకుడుగా చేరి, పుస్తకములకు బీరువా స్థానమునుబట్టి గాక విషయమునుబట్టి దశాంశ సంఖ్యలు వేయవలెనను ఆలోచనను మరుసటి సంవత్సరము గ్రంథాలయ సంఘము ముందుంచెను. పెద్దలు ఆ కుర్రవాని మాట వినిరి. 1876లో అచ్చయిన ఆ పద్ధతియే నేడు ప్రపంచమంతటను వ్యాపించినది. తెలుగు సాహిత్యము 894.827 సంఖ్య క్రింద చేరుచున్నది. పనిలోనున్న విద్యార్థి మాటను వినుట గూడ మెచ్చుకోలే అనుటకు ఇంతకన్న పెద్ద సాక్ష్యము నేనెరుగను. కాని పెద్దలు మాట వినిన ఆ కుర్రవాడు పెద్దయై, తన చుట్టు పనిచేసిన స్త్రీల యెడ అనుచితముగా ప్రవర్తించెనను అపకీర్తి మూటగట్టుకొనెను; 2019లో అమెరికా గ్రంథాలయ సంఘము తన పతకమునుండి ఆతని పేరును తొలగించినది. తాను పొందిన ఆదరమును పరులకు పంచుట ప్రతివానికిని సహజముగా అబ్బు విద్య కాదు.

ఆ సంఖ్యల మాట వచ్చినది గనుక ఒక చిన్న విషయము. గ్రంథాలయములో అలమరలు సర్దు విద్యార్థి 894.827 వద్ద ఉంచవలసిన తెలుగు గ్రంథమును 894.811 వద్ద తమిళ గ్రంథముల నడుమ ఉంచెననుకొనుడు. దొంగ యెత్తుకొనిపోయినదానికిని దానికిని భేదము లేదు, జాబితాలో ఉండును, చేతికి దొరకదు. దీనిని వానికి మొదటి దినముననే, కోపము లేకుండ, ఒక పుస్తకమును చేతబట్టి చూపి చెప్పిన గ్రంథపాలకుడు వానికి జాగరూకతను నేర్పుచున్నాడు. పని చిన్నదే గాని, దాని వెనుక ఎవరో ఒక పాఠకుడు వేచియున్నాడని తెలిసినవాని చేయి వేరుగా కదలును.

మన విశ్వవిద్యాలయములలో ఇట్టి ఉద్యోగములు ఏల ఉండరాదు? మహారాష్ట్రమున భావూరావ్ పాటిల్ 1919లో స్థాపించిన రయత్ శిక్షణ సంస్థ చదువుకొనుచు సంపాదించుటను ఒక సిద్ధాంతముగా నిలిపినది. మన మచిలీపట్నపు ఆంధ్ర జాతీయ కళాశాల చేతిపనులను చదువులో భాగము చేసినది. మన పెద్దలలో అనేకులు వారములు చేసికొని చదివినవారే. ఏడిండ్ల అన్నము తిని, ఏ యింటి యిల్లాలు విస్తరి ముందు ప్రేమతో కూర్చుండెనో, ఏ యింట మజ్జిగతోపాటు దెప్పుమాటయు వడ్డింపబడెనో జీవితాంతము చెప్పుకొనినవారే. ఆ యిండ్లలో వారు నీళ్లు తోడిరి, పిల్లల నాడించిరి. కాని అది జీతము కాదు గనుక ఋణము మిగిలిపోయినది. గంటకింత అని లెక్కించి యిచ్చినచో ఆ ఋణభారము ఉండదు.

దీనికి ఆక్షేపణలు నేను ఎరుగకపోలేదు. మొదటిది, ఆవరణలో తరతరములుగా చాలీచాలని కూలికి పనిచేయు పేదవాని ఉద్యోగమును విద్యార్థి లాగికొనునని. ఇది నిజమైన ఆక్షేపణ. కావున రాత్రి పది గంటల వరకు పఠన మందిరము తెరచియుంచుట, అలమరలు సరిచూచుట, అంధ విద్యార్థులకు చదివి వినిపించుట, పల్లెనుండి వచ్చిన కొత్తవారికి ఆంగ్లములోని దరఖాస్తులు పూర్తిచేయించుట వంటి, నేడు ఎవ్వరును చేయక విడిచిన పనులతో మొదలుపెట్టవలెను. రెండవది ఇంకను గంభీరము. చీపురు మన దేశమున వట్టి చీపురు కాదు. దానికొక కులము కట్టబెట్టి వేల యేండ్లు గడిపితిమి. పేదపిల్లవానికి ఉపకారవేతనమునకు బదులు చీపురు ఇచ్చుటయే ఈ పథకమైనచో, అది పుట్టకపోవుటయే మేలు. కెంటకీలోని బెరియా కళాశాల, 1855లో స్థాపింపబడి 1892 నుండి బోధనా రుసుము తీసికొననిది, ఈ చిక్కును ఒకే నియమముతో విడదీసినది: అచట ప్రతి విద్యార్థియు, ఎవ్వరును మినహాయింపు లేకుండ, వారమునకు కనీసము 10 గంటలు పనిచేయవలెను. అందరును చేయు పనిలో అవమానమునకు చోటు లేదు. పైగా పనిని చూచువాడు దానికి మార్కులు వేయును. చదువు మార్కుల పత్రమువలె పనికిని ఒక పత్రము విద్యార్థి వెంట పోవును.

విద్యార్థియా, ఉద్యోగియా అను వివాదము అమెరికాలో 2016లో కొలంబియా విశ్వవిద్యాలయపు వ్యవహారమున జాతీయ కార్మిక సంబంధ మండలి వరకు పోయి, బోధనలోను పరిశోధనలోను సహాయపడు విద్యార్థులు ఉద్యోగులును అగుదురని నిర్ణయమైనది. న్యాయశాస్త్రమున కది అవసరమే. కాని సూపర్‌వైజరు కుర్చీలో కూర్చున్నవానికి ఆ ప్రశ్న పరీక్షల వారమున ప్రత్యక్షమగును, పని పెండింగులో ఉండగా ఎదుటివాడు నిద్రలేని కన్నులతో నిలుచున్నపుడు. మా భోజనశాల తల్లి తన గోడ కాగితముతో దానికి ప్రతిసారియు సమాధానము చెప్పుచున్నది.

మొన్న ఉగాదినాడు మావాడు ఫోను చేసెను. వానిని ఇపుడు స్టూడెంట్ మేనేజరును చేసిరట. గంటకు ఒక డాలరు ఎక్కువ. కరీంనగరమునుండి వచ్చిన ఒక కొత్త కుర్రవాడు ఆ వారమే వాని షిఫ్టులో చేరెనని చెప్పెను. ఇంటిలో పని యెరుగనివాడట, కత్తుల పెట్టెను చూచి వెనుకకు జరిగెనట.

"మరి నీవేమి చేసితివిరా?" అని అడిగితిని.

"ఏముంది పెదనాన్నా, చొక్కా చేతులు పైకి మడుచుకుని పక్కన నిలబడ్డాను. ముందు నేనే కడిగి చూపించాను. వచ్చే నెలలో వాడికి రెండు పరీక్షలున్నాయట, తేదీలు గోడమీద రాసుకున్నా."