వాదించని వదిన

ఇంటరో, ఇంజనీరింగో చదువుతున్న పిల్లాడు ఓ ఆదివారం పొద్దున ‘నేను చర్చికి రాను, నాకు నమ్మకం పోయింది’ అంటాడు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. నాన్న కేకలేస్తాడు. ఫాదర్‌గారికి కబురు వెళ్తుంది. చర్చికి బదులు గుడి అనుకోండి, మిగతా ఇళ్లలోనూ ఇదే తంతు. ఇంత హడావుడీ పనిచేస్తుందా? మన కన్యాకుమారి ప్రాంతపు దేవసహాయం పిళ్లైతోపాటు 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ పునీతుడిగా ప్రకటించిన ఓ ఫ్రెంచివాడి కథ చదివితే, అనుమానమే అనిపిస్తుంది.

అతని పేరు చార్లెస్ దె ఫుకో (తత్వవేత్త ఫుకో వేరు లెండి). 1858లో స్ట్రాస్‌బోర్గ్‌లో పుట్టాడు. ఆరేళ్లు నిండకముందే అమ్మా నాన్నా పోయారు. తాతగారు గారాబంగా పెంచారు. హైస్కూలు రోజుల్లోనే, చేతికందిన పుస్తకమల్లా చదువుతూ విశ్వాసం వదిలేశాడు. మన గోరాగారి నాస్తికత్వంలో ఓ పట్టుదల ఉండేది, జనం కోసం చేసిన పనీ ఉండేది. ఇతనిది ఆ రకం కాదు. దేన్నీ నమ్మడు, దేన్నీ కాదనడు, ఏదీ పట్టదు. సైన్యంలో ఆఫీసరయ్యాడు. తాతగారి ఆస్తి చేతికొచ్చాక విందులకీ విలాసాలకీ తగలేస్తుంటే, చివరికి ఇంటివాళ్లే అతని ఖర్చులకి కోర్టు ద్వారా కళ్లెం వేయించాల్సి వచ్చింది.

ఉద్యోగం వదిలి 1883-84లో మొరాకో అంతా తిరిగాడు. క్రైస్తవులకు అక్కడ చాలాచోట్ల ప్రవేశం లేదు కాబట్టి యూదు రబ్బీ వేషం కట్టాడు. ఆ యాత్రకు పారిస్ భౌగోళిక సంఘం బంగారు పతకం ఇచ్చింది. అతన్ని కదిలించింది మాత్రం పతకం కాదు, వేళకి పని ఆపి నమాజుకు నిలబడే అక్కడి ముస్లింలు. దేవుడి ఎదుట అలా బతికేవాళ్లను చూశాక, తన బతుకు ఖాళీగా కనిపించింది.

పారిస్ తిరిగొచ్చి మేనత్త కుటుంబానికి దగ్గరయ్యాడు. ఆమె కూతురు మరీ ద బోందీ అతనికన్నా ఎనిమిదేళ్లు పెద్ద. మన వరసలో వదినన్నమాట. నిష్ఠగల కేథలిక్. ఈ దారితప్పిన మరిదిని ఆమె ఒక్కరోజూ నిలదీయలేదు, బోధించలేదు. ఆదరించింది, అంతే. ఇంత తెలివైన మనిషి నమ్మేది ఒట్టి పిచ్చి ఎలా అవుతుందన్న ఆలోచన అతనికి అతనికే వచ్చింది. ఎవరూ చూడకుండా చర్చిలకు వెళ్లి, ‘నువ్వుంటే నాకు తెలియజెయ్యి’ అన్న అర్థంలో ప్రార్థించేవాడు.

1886 అక్టోబరు చివర్లో ఓ ఉదయం సెయింట్ అగస్టీన్ చర్చికి వెళ్లి, ఫాదర్ ఉవ్లాన్‌ను మతం గురించి పాఠాలు చెప్పమని అడిగాడు. ఆయన పాఠాల సంగతి ఎత్తకుండా, మోకరిల్లి పాపసంకీర్తనం చేయమన్నారు. అంటే, చేసిన తప్పులు గురువు ముందు ఒప్పుకోవడం. నమ్మకమే లేదంటున్నవాడితో మోకరిల్లమనడం సాహసమే. కానీ చేశాడు. వెంటనే దివ్యసత్ప్రసాదమూ తీసుకున్నాడు. అప్పటికి వయసు 28. తర్వాత సన్యాసం, సహారా ఎడారి, తువారెగ్ జనం మధ్య జీవితం, 1916లో దుండగుల తూటాకు మరణం. అదంతా మరో కథ.

విచిత్రమేమంటే, రెండు నెలలు తిరక్కుండా అదే పారిస్‌లో ఇంకో కుర్రాడికీ ఇలాగే జరిగింది. తర్వాత పెద్ద కవి అయిన పాల్ క్లాదెల్. పద్దెనిమిదేళ్లవాడు, నమ్మకం పోగొట్టుకున్నవాడే. రాతలకు పనికొస్తుందని క్రిస్మస్ పూజ చూడటానికి నోత్రదామ్ వెళ్లాడు. అవును, 2019లో కాలిపోయి 2024 డిసెంబరులో మళ్లీ తెరిచిన చర్చే. వేరే పనిలేక సాయంత్రం మళ్లీ వెళ్లాడు. పిల్లల బృందం మరియమాత గీతం పాడుతుండగా, ఒక్క క్షణంలో నమ్మకం కలిగింది.

నన్నడిగితే ఆ క్షణంకన్నా దాని తర్వాతి నాలుగేళ్లే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. లోపల నమ్మకం, బయట మొహమాటం. స్నేహితులు నవ్వుతారేమో! శుక్రవారం మాంసం తిననని ఇంట్లో ఎలా చెప్పడం? తలుచుకుంటేనే చెమటలు పట్టేవని తర్వాత తనే రాసుకున్నాడు. నమ్మకం పోయిందని చెప్పడానికి మన పిల్లలు ఎంత జంకుతారో, తిరిగొచ్చిందని చెప్పడానికి అతను అంతకన్నా జంకాడు. 1890 క్రిస్మస్‌కి గానీ అదే నోత్రదామ్‌లో దివ్యసత్ప్రసాదానికి వెళ్లలేకపోయాడు.