పరిశోధనకు రక్తమిచ్చినవారికి రసీదేదీ?

దాతల పేర్లు రాయించడంలో మన తెలుగువాళ్ళకున్న శ్రద్ధ ఇంకెవరికీ ఉండదేమో. గుడికి ట్యూబులైటు ఇస్తే దాని మీద ఇంటిపేరుతో సహా రాయిస్తాం, సగం వెలుతురు ఆ అక్షరాలే తినేసినా సరే. ఫ్యాను రెక్కల మీద తాత పేరు, తండ్రి పేరు తిరుగుతుంటాయి. ఇక్కడ బే ఏరియాలోనూ అంతే. ఉగాది సంబరాలకు ఎవరెంత ఇచ్చారో చూసి ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని వరస కట్టి వేదిక మీదకు పిలిచి శాలువా కప్పుతాం. ఎగతాళికి అనడం లేదు. ఇచ్చినవారి పేరు చెప్పడం, ఆ డబ్బు ఎటు పోయిందో లెక్క చెప్పడం మంచి అలవాటే. వైద్య పరిశోధన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ అలవాటు మనకు గుర్తు రాదు. నేనూ మొన్నమొన్నటి దాకా ఆలోచించలేదు.

నేను శాన్ రామన్‌లో ఉంటాను. క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పనిచేసే ప్రోగ్రామర్ని. అమీర్‌పేటలో శాస్ కోర్సు చేసి అమెరికా వచ్చి ఈ పనిలో స్థిరపడ్డవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు కాబట్టి ఈ ఉద్యోగం గురించి విడమరచి చెప్పక్కర్లేదు. మాకు మనుషులు కనబడరు. కనబడేవి సబ్జెక్ట్ ఐడీ, వయసు, రక్తపోటు, ఏ తేదీన ఏ మాత్ర వేసుకున్నారు, ఏ తేదీన వాంతులయ్యాయి, అంతే. మధ్యలో రావడం మానేసినవాళ్ళ వరసలో 'లాస్ట్ టు ఫాలో-అప్' అని పడుతుంది. అంటే జాడ తెలియలేదని.

ఆ మధ్య ఒక పరిశోధన పత్రం చివర కృతజ్ఞతల పేరాలో నా పేరు వేశారు. పట్టికలు చేసిపెట్టినందుకు. సంబరపడి ఆ పేజీని బంధువుల వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాను. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. ఆరు నెలలు ఉండిపోదామని ఇక్కడికి వచ్చిన మా నాన్న కళ్ళజోడు సర్దుకుని పేరా మొత్తం చదివించుకున్నారు. నిధులిచ్చిన సంస్థ పేరు, గ్రాంటు నంబరు, మందు ఉచితంగా ఇచ్చిన కంపెనీ పేరు, సలహాదారుల పేర్లు, నా పేరు. చివర ఒక్క వాక్యం: 'ఇందులో పాల్గొన్నవారందరికీ ధన్యవాదాలు.' అంతా విని, "అయితే ఒరేయ్, నేను కూడా ఆ చివరి వాక్యంలోవాణ్ణేగా?" అన్నారు.

నిజమే. కొన్నేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో షుగరుకు కొత్త బిళ్ళ పరీక్షిస్తున్నారంటే డాక్టరు గారి మాట మీద ఆయన చేరారు. పరగడుపున వెళ్ళి రక్తం ఇచ్చేవారు, ఆటో ఖర్చులు ఇచ్చేవారు. చివరి విజిట్ అయ్యాక మళ్ళీ ఫోను లేదు. ఆ బిళ్ళ పనిచేసిందా, తనకు వేసింది అసలు మందేనా లేక ఉత్త పిండి బిళ్ళా, బజార్లోకి వచ్చిందా? ఎవరూ చెప్పలేదు. ఆయన ఎక్కడికెళ్ళినా వెంట తీసుకెళ్ళే మెడికల్ ఫైల్లో ఆ సమ్మతి పత్రం నకలు ఉంది. ఇంగ్లీషులో పేజీలకు పేజీలు, ప్రతి పేజీ కింద ఆయన సంతకం తెలుగులో. దాని మీదున్న రిజిస్ట్రీ నంబరుతో భారత ట్రయల్స్ రిజిస్ట్రీలో వెతికాను. 'పూర్తయింది' అని ఉంది. ఫలితాల ఊసు లేదు. మా భాషలో చెప్పాలంటే ఇక్కడ జాడ తెలియకుండా పోయింది మా నాన్న కాదు, వాళ్ళు.

ఈ ఊరి సంగతికి వస్తాను. ఇక్కడ మన వయసువాళ్ళు ఎవరు ఏటా చెకప్‌కి వెళ్ళినా, కొలెస్టరాల్ కాస్త అటూ ఇటుగా ఉంటే డాక్టరు 'మీరు సౌత్ ఏషియన్ కాబట్టి' అని మొదలుపెడతారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. 2018లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ తదితర సంస్థలు కలిసి ఇచ్చిన కొలెస్టరాల్ మార్గదర్శకాల్లో, దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే గుండె జబ్బు ముప్పు పెంచే అంశంగా చేర్చారు. దాని వెనుక చాలా పరిశోధనలున్నాయి. వాటిలో మన ఇంటి పక్కన జరిగింది 'మసాలా' అధ్యయనం. 'మీడియేటర్స్ ఆఫ్ అథెరోస్క్లెరోసిస్ ఇన్ సౌత్ ఏషియన్స్ లివింగ్ ఇన్ అమెరికా' అన్న పొడుగాటి పేరుకు పొట్టి రూపం. శాన్ ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్ఎఫ్, షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం కలిసి 2010లో మొదలుపెట్టి 2013 నాటికి 906 మందిని చేర్చుకున్నాయి. అందరూ 40 నుంచి 84 ఏళ్ళ మధ్యవాళ్ళు. బే ఏరియా, షికాగో ప్రాంతాల వాళ్ళు. సీటీ స్కాన్లు తీయించుకున్నారు, షుగరు పరీక్షకు గ్లూకోజు నీళ్ళు తాగారు, ఏం తింటారో గంటలకొద్దీ చెప్పారు. వయసు తేడాలు సర్దిచూస్తే మనవాళ్ళలో 23 శాతం మందికి షుగరు ఉందని, ఇక్కడి తెల్లవారిలో అది 6 శాతమేనని 2014లో తేల్చారు. సన్నగా ఉన్నా సరే మనకు షుగరు వస్తుందన్నది అప్పటిదాకా ఇళ్ళల్లో అనుకునే మాట. ఈ అధ్యయనంతో అది లెక్కకెక్కింది.

డబ్బు ప్రధానంగా కేంద్ర ప్రభుత్వానిది. ఎన్ఐహెచ్ కింద ఉండే నేషనల్ హార్ట్, లంగ్ అండ్ బ్లడ్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చింది. అంటే మన జీతాల్లో కోసుకునే పన్నుల్లోంచి కూడా వెళ్ళిందన్నమాట. అయితే మొదటి విడతలో చేరడానికి ఉన్న అర్హతల్లో ఒకటి చూడండి: ఇంగ్లీషు గానీ హిందీ గానీ ఉర్దూ గానీ వచ్చి ఉండాలి. తెలుగు లేదు. దీనికి పరిశోధకులను తప్పుపట్టలేను. ప్రతి భాషకూ ప్రశ్నావళి అనువదించాలి, సరిచూడాలి, ఆ భాష వచ్చిన మనిషిని పెట్టుకోవాలి, అన్నిటికీ గ్రాంటులో డబ్బుండాలి. కానీ ఫలితం ఏమిటి? ఇంగ్లీషు వచ్చిన మనం చేరగలం. మన వెంట వచ్చి ఉంటున్న, గుండె జబ్బు నిజంగా ముంచుకొస్తున్న మన అమ్మానాన్నల్లో ఎందరో చేరలేరు. ఇక్కడ సెంట్రల్ పార్కులో సాయంత్రాలు నడిచే పెద్దవాళ్ళ బృందాలను చూసినప్పుడల్లా నాకు ఆ అర్హత నిబంధనే గుర్తొస్తుంది.

భాష రానివాళ్ళను వదిలేయడం ఒక తప్పు. భాష రాదు కదా అని అడగకుండానే చేర్చేసుకోవడం ఇంకా పెద్ద తప్పు. అది మన నేల మీదే జరిగింది. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. నడిపింది సియాటిల్ కేంద్రంగా ఉన్న పాథ్ అనే సంస్థ, వెంట ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి. టీకాలు మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. పిల్లల్లో చాలామంది గిరిజనులు, ఆశ్రమ పాఠశాలల్లో చదివేవాళ్ళు. దీన్ని ట్రయల్ అనలేదు, 'డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు' అన్నారు. కొన్ని మరణాలు బయటికి వచ్చి గొడవయ్యాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ తేల్చింది. ఆ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే టీకా మంచిదే. దాని కొత్త రూపాన్ని ఇక్కడ మన పిల్లలకు మనమే దగ్గరుండి వేయిస్తున్నాం. తేడా అంతా అడగడంలో ఉంది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. శాన్ రామన్‌లో ఒక టీచరు మన పిల్ల తరఫున సంతకం పెట్టి టీకా వేయించారనుకోండి. ఆ సాయంత్రానికి స్కూల్ బోర్డు ముందు మనం ఎంతమంది ఉంటాం?

సంతకం పెట్టిన వార్డెన్లను తిట్టి ఊరుకోవడం సులువు. ఆ కాగితం ఎందుకో, డబ్బు ఎవరిదో, కంపెనీకి ఇందులో ఏమొస్తుందో ఆ తల్లిదండ్రులకు వాళ్ళ మాటల్లో చెప్పాలని ప్రాజెక్టు ఖర్చుల్లో ఎవరైనా రాసుకున్నారా అన్నది నా ప్రశ్న.

మనం పేరు కోసం కొట్లాడనివాళ్ళమేమీ కాదు. యల్లాప్రగడ సుబ్బారావు గారి మాటెత్తితే ఏ తెలుగువాడికైనా గుండె బరువెక్కుతుంది. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో అమెరికా వచ్చి, హార్వర్డ్‌లో చేసిన పనికి అక్కడ తగిన స్థానం దొరక్క లెడర్లీ కంపెనీకి వెళ్ళిన మనిషి. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించారు. ఫార్బర్ పేరు లోకమంతా మోగింది, సుబ్బారావు గారు అదే ఏడు ఆగస్టులో కన్నుమూశారు. ఆయనకు రావలసిన గుర్తింపు రాలేదని మనం వ్యాసాలు రాస్తాం, రాయాలి కూడా. ఆ కథలోనే ఇంకొకరున్నారు, ఆ మందు మొదట వేయించుకున్న పిల్లలు. కొన్ని వారాలు, నెలలు తేరుకుని మళ్ళీ జబ్బు తిరగబెట్టినవాళ్ళు. ఆ వరసలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ క్యాన్సర్‌కీ కీళ్ళవాతానికీ లక్షలమంది వాడుతున్నారు. ఆ పిల్లల ఊసు మన సుబ్బారావు సంస్మరణ సభల్లో నేనైతే వినలేదు.

పాల్గొన్నవాళ్ళ పేర్లు అచ్చు వేయమని అడగడం లేదు. వేయకూడదు కూడా. ఎవరికి ఏ జబ్బుందో గుట్టుగా ఉంచడం వాళ్ళ హక్కు. పేరు వేయలేరు కాబట్టే వాళ్ళ గౌరవం ఇంకో రూపంలో తీరాలి. ముందు, డబ్బెవరిదో చేరేనాడే చెప్పాలి. తర్వాత, ఏం తేలిందో వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో ఇంటికి పంపాలి. ఐరోపాలో 2022 జనవరి నుంచి అమలవుతున్న నియమాల ప్రకారం ప్రతి మందు ట్రయల్‌కూ సామాన్యులకు అర్థమయ్యే సారాంశం ఇవ్వాల్సిందే. అమెరికాలో చాలా ట్రయల్స్ ఫలితాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టాలన్న చట్టం 2007 నుంచీ ఉంది. కానీ ఆ పట్టికలు నాలాంటివాడు చేసినవి. నాలాంటివాడికే అర్థమవుతాయి.

డబ్బు సంగతి మనం తప్పించుకోలేనిది. 2025లో ఎన్ఐహెచ్ నిధుల మీద ఎంత గొడవ నడిచిందో చూశాం. పరోక్ష ఖర్చులను 15 శాతానికి కుదిస్తామన్నారు, కోర్టు ఆపింది. అయినా ఎన్నో గ్రాంట్లు మధ్యలోనే రద్దయ్యాయి. ఇలాంటి రోజుల్లో అనువాదకుడికి, ఇంకో భాషకు డబ్బు కేటాయించమంటే ఏ పరిశోధకుడైనా చేతులెత్తేస్తాడు. అందుకే అది మనం చేయగల పని అంటాను. మన సంఘాలు ఒక్క రాత్రి సంగీత విభావరికి పెట్టే ఖర్చులో కొంత పక్కన పెడితే ఒక సమ్మతి పత్రానికి, ఒక ఫలితాల సారాంశానికి మంచి తెలుగు చేయించవచ్చు. 'హృద్రోగ సంబంధిత ప్రమాద కారకములు' లాంటి తెలుగు కాదు, మా అమ్మ చదివితే అర్థమయ్యే తెలుగు. రెండు షరతులు మాత్రం ఉండాలి. డబ్బిచ్చామని బాహాటంగా చెప్పాలి. ఇచ్చాం కదా అని ఫలితాల్లో వేలు పెట్టకూడదు. గుడి కమిటీల అనుభవం ఉన్నవాళ్ళకు రెండో షరతు ఎంత కష్టమో తెలుసు.

మనవాళ్ళ భయాలూ తెలుసు. పేరిస్తే ఇన్సూరెన్సుకో వీసాకో ఇబ్బంది వస్తుందేమోనని. ఎన్ఐహెచ్ నిధులతో జరిగే అధ్యయనాల్లో పాల్గొన్నవారి వివరాలను కోర్టు అడిగినా ఇవ్వక్కర్లేకుండా 2017 నుంచి గోప్యతా పత్రం దానంతటదే వర్తిస్తోంది. కాబట్టి డబ్బెవరిదన్న ప్రశ్న మన సొంత రక్షణకు కూడా పనికొస్తుంది. కంపెనీ డబ్బయితే భయపడమని కాదు, అప్పుడు కాగితం ఇంకోసారి చదవమని.

ఈసారి ఉగాదికి ఏ విశ్వవిద్యాలయం వాళ్ళైనా మన హాలు బయట బల్ల వేసుకుని కూర్చుంటే, ముందు ఆ మాటే అడగండి. తర్వాత ఫలితాలు ఎప్పుడు, ఏ భాషలో చెబుతారో అడగండి. జవాబు నచ్చితే చేరండి. నేను చేరతాను.

మా నాన్న వచ్చే నెల తిరుగు ప్రయాణం. ఆ ఫైలు చెకిన్ సామాన్లో వేయొద్దని, చేతిసంచీలోనే ఉండాలని మా ఆవిడతో రెండుసార్లు చెప్పారు. దిగిన వారంలో ఆ ఆస్పత్రికి వెళ్ళి, నంబరు చూపించి, ఆ బిళ్ళ ఏమైందో అడిగి వస్తారట.