పిల్లలమర్రికి పథ్యం

మన వైద్యంలో ఔషధం ఎంతో పథ్యమూ అంతే. ఔషధాన్ని వైద్యుడు ఇస్తాడు. పథ్యాన్ని మాత్రం రోగి, రోగి ఇంటివారు కలిసి పాటించాలి. ఈ నియమం మనుష్యులకే గాక వృక్షాలకు కూడా చెల్లుతుందని చెప్పడానికి మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లలమర్రి కంటె మంచి ఉదాహరణ నాకు కనిపించదు. నల్లగొండ వైపు పాఠకులకు పిల్లలమర్రి అనగానే సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలపు శివాలయాలున్న గ్రామం స్ఫురిస్తుంది. అదీ చూడదగినదే. నేను వ్రాస్తున్నది మాత్రం పాలమూరు మర్రిని గురించి.

దూరం నుంచి చూస్తే అది ఆకుపచ్చని చిన్న గుట్ట. దగ్గరకు పోతే తోట. నీడలోకి ప్రవేశించిన వారికి చిన్న అడవి. ఇంతా చేసి అది ఒకే చెట్టు. సుమారు మూడెకరాల మేర కొమ్మలు చాచి, ఊడలు దించి, ఆ ఊడలనే స్తంభాలుగా నిలబెట్టుకొని, తల్లి ఏదో పిల్లలేవో తెలియనంతగా అల్లుకుపోయింది. దాని వయస్సు ఏడు వందల సంవత్సరాలని స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటారు. చెట్టు నీడలోనే ఒక ముస్లిం మహనీయుని సమాధి ఉంది. సమీపంలో పురావస్తు ప్రదర్శనశాల, శ్రీశైలం ప్రాజెక్టు ముంపు ప్రాంతం నుంచి తరలించి తిరిగి నిలబెట్టిన ప్రాచీన దేవాలయం ఉన్నాయి.

చైత్రం దాటితే మన మెట్ట జిల్లాలలో ఎండ ఎట్లా ఉంటుందో పాఠకులకు చెప్పనక్కరలేదు. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో గ్రీష్మ ఋతుచర్యను వివరిస్తూ, సూర్యకిరణాలను అడ్డగించే మహావృక్షాలున్న వనాలను ఆశ్రయించమని విధించారు. జపాను దేశపు అటవీశాఖ 1982లో ‘అరణ్య స్నానం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి తమ ప్రజలను అడవులకు పిలిచింది. ఆ వార్త చదివి ఇదేదో క్రొత్త వైద్యమని మనవారు ఆశ్చర్యపడుతుంటే నాకు కొంచెం నవ్వు వస్తుంది. కాబట్టి సెలవు రోజున పిల్లలను వెంటబెట్టుకొని చెట్ల నీడకు పోవడం ఆరోగ్యదాయకమే. అయితే ఆ నీడను మనకిచ్చే చెట్టుకు మన రాక వల్ల ఏమవుతున్నదో కూడా ఆలోచించాలి.

2017 డిసెంబరులో పిల్లలమర్రి పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చెదలు తొలిచివేసిన కొమ్మ అది. వెంటనే అధికారులు సందర్శకులను నిలిపివేశారు. 2018లో జరిగిన చికిత్సను పత్రికలలో చాలామంది చూసి ఉంటారు. క్లోర్‌పైరిఫాస్ అనే కీటకనాశినిని నీటిలో పలుచన చేసి, సీసాలలో నింపి, ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్లు చెట్టుకు బొట్టు బొట్టుగా ఎక్కించారు. వేళ్ళకు కూడా మందు పట్టించారు. బరువైన కొమ్మలు కూలిపోకుండా సిమెంటు దిమ్మెలు ఆసరాగా కట్టారు.

క్లోర్‌పైరిఫాస్ తీక్ష్ణమైన రసాయనం. దానికి బదులు వృక్షాయుర్వేద పద్ధతినే ప్రయోగించవలసిందని కొందరు వైద్యమిత్రులు వాదించారు. సురపాలుని వృక్షాయుర్వేదం మీద నాకూ గౌరవం ఉంది. చెట్ల వ్యాధులను కూడా వాత, పిత్త, కఫ దృష్టితో విభజించిన గ్రంథం అది. దాని వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండగా, దాని ప్రతిని తెప్పించి, నళినీ సాధలే గారి ఆంగ్లానువాదంతో 1996లో మన సికింద్రాబాదులోనే ప్రచురించారు. అయినా నేను ఆ మిత్రుల పక్షం వహించను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు శస్త్రమూ క్షారమూ అగ్నీ వాడమని మన శాస్త్రమే చెబుతుంది. చెట్టు కూలుతుంటే చేతికి అందిన మందు వేశారు. నా చింత మందును గురించి కాదు, మందు వేసిన తరువాతి సంగతిని గురించి.

వ్యాధికి హేతువైన దానిని విడిచిపెట్టడమే చికిత్సకు మొదటి మెట్టు. దీనినే నిదాన పరివర్జనం అంటాము. చెద బయటి నుంచి వచ్చిన ఆగంతు వ్యాధి. అది ప్రధానంగా ఎండిన కర్రను, సత్తువ ఉడిగిన కర్రను వెదుక్కుంటూ వస్తుంది. చెదలను చంపడం అవసరమే గాని, చెట్టు బలం ఎందుకు తగ్గిందో చూడకపోతే మరొక చెద వస్తుంది. మర్రి విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం దాని సంస్కృత నామంలోనే ఉంది. న్యగ్రోధమంటే క్రిందికి పెరిగేది. ఇతర వృక్షాలు పైకి పెరగడం మీద ఆధారపడితే, మర్రి క్రిందికి పెరగడం మీద ఆధారపడి బ్రతుకుతుంది. కొమ్మ ఎంత దూరం పోతే అంత బరువు. ఆ బరువును మోయడానికి కొమ్మ నుంచి ఊడ దిగి, నేలను తాకి, నేలలోకి చొచ్చి, క్రమంగా మాను అవుతుంది. ఊడకు నేల అందితే కొమ్మ నిలుస్తుంది. అందకపోతే ఏదో ఒక నాడు తన బరువుకు తానే విరుగుతుంది.

కలకత్తా వృక్షోద్యానంలోని మహావటం ఇందుకు సాక్ష్యం. బూజు తెగులు పట్టిన దాని మూల కాండాన్ని 1925లో తొలగించివేశారు. అంటే తల్లి మాను పోయి ఒక శతాబ్దం గడిచింది. అయినా ఆ చెట్టు ఈనాటికీ వేలాది ఊడల మీద నిలబడి ఉంది.

ఇప్పుడు పెద్ద మర్రిచెట్టు క్రింద మనం సాధారణంగా చేసే పనులను జ్ఞాపకం చేసుకోండి. పిల్లలు కనిపించిన ఊడనల్లా పట్టుకొని ఊగుతారు. వాళ్ళను ఫోటో తీయడానికి పెద్దలే ఎత్తి పట్టుకుంటారు. యువకులు మేకుతో బెరడు మీద పేర్లు చెక్కుతారు. ఆ గాయం చీడకు ద్వారం. అన్నిటికంటె కనబడని హాని పాదాలది. మన ఎర్ర చెల్క నేల రోజూ వేల కాళ్ళ క్రింద నలిగితే దిమ్మిస కొట్టిన అరుగులా గట్టిపడుతుంది. వాన నీరు లోపలికి ఇంకదు, వేరుకు గాలి ఆడదు. ఎంతో ఎత్తు నుంచి దిగివచ్చిన లేత ఊడ చివరకు రాతిని తాకినట్లు ఆగిపోతుంది. చికిత్స సమయంలో ఊడల చుట్టూ గొట్టాలు అమర్చి, మట్టి నింపి నేల దాకా దించవలసి రావడం ఎంత విచారకరం! ఏడు వందల ఏళ్ళు తనంతట తాను చేసుకున్న పనికి ఆ చెట్టుకు ఇప్పుడు మన సహాయం కావలసి వచ్చింది.

ఇంగ్లండులో స్థిరపడిన మన పిల్లలను చూడడానికి పోయి వచ్చినవారు అక్కడి పల్లెపట్టుల్లోని చిన్న చిన్న వనాలను గురించి చెబుతుంటారు. వసంతంలో ఆ చెట్ల క్రింద నీలిరంగు గంటపూలు తివాచీ పరచినట్లు పూస్తాయి. వాటిని చూడడానికి జనం తండోపతండాలుగా వస్తారు, కాని కాలిబాట దిగవద్దని వారికి పదే పదే చెబుతారు. ఆకులు నలిగితే దుంపకు ఆహారం అందదు. ఆ మొక్క కోలుకోవడానికి సంవత్సరాలు పడుతుంది. గంటపూవు జానెడు మొక్క, మన మర్రి మూడెకరాల మహావృక్షం. రెండింటికీ శత్రువు అడుగు క్రింది నేల గట్టిపడడమే.

“ఇంత దూరం పిల్లలను తోల్కొని పోతే కంచె బయట నిలబడి చూడుమంటే ఎట్ల సారూ? ఆ మాత్రం దానికి పోవుడెందుకు?” అని నా వద్దకు వచ్చే ఒక గృహస్థుడు అడిగారు. ప్రశ్నలో న్యాయం ఉంది. చెట్టును ముట్టని పిల్లవాడికి చెట్టు మీద ప్రేమ ఎట్లా కలుగుతుంది? అయితే జ్వరం తగ్గినవాడిని వెంటనే విందుకు కూర్చోబెట్టము గదా. ఆయుర్వేదంలో సంసర్జన క్రమమని ఒకటుంది. శోధన జరిగిన రోగికి మొదట గంజి, తరువాత జావ, ఆ తరువాత పలుచని అన్నం, ఇట్లా మెల్లగా ఆహారం పెంచుతారు. చెట్టుకూ అటువంటి కాలం కావాలి. ఆ కాలం నెలలలో గాక దశాబ్దాలలో లెక్కపెట్టవలసినది. కంచె చెట్టు చుట్టూ కట్టిన కట్టు వంటిది. పుండు మానకుండా కట్టు విప్పమని ఏ వైద్యుడూ చెప్పడు.

మన పాఠకులకు ప్రత్యేకించి చెప్పవలసిన విషయం మరొకటి ఉంది. మర్రి మన గృహవైద్యంలో నిత్యం వాడే చెట్టు. మర్రి, మేడి, రావి, జువ్వి, గంగరావి అనే అయిదు చెట్ల పట్టలే పంచవల్కలాలు. వాటి కషాయం కషాయరసం వల్ల స్తంభకమై నోటిపూతకు పుక్కిలించడానికి, పుండ్లు కడగడానికి ఉపయోగపడుతుంది. మర్రిపాలు మడమల పగుళ్ళకు పూస్తారు. లేత ఊడతో పండ్లు తోముకొనే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పూర్తిగా పోలేదు. అయితే పళ్ళపుల్లకు మనం త్రుంచేది ఊడ కొన. సరిగ్గా అదే పెరిగే భాగం. ఊరి చెరువుకట్ట మీది మర్రికి నూరు ఊడలుంటే రెండు త్రుంచినందువల్ల నష్టం లేదు. ప్రసిద్ధి చెందిన చెట్టు దగ్గర వచ్చినవారందరూ ఒక్కొక్కటి త్రుంచితే ఏమి మిగులుతుంది?

ఆ చెట్టుది పవిత్రమైన పట్ట అని కొందరు తెచ్చుకుంటారు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో ఓషధులను సేకరించదగిన భూమిని చెప్పే అధ్యాయం ఉంది. పుట్టలున్న చోటు, శ్మశానం, దేవతాయతనం ఉన్న చోటు అందుకు పనికిరావని అందులో స్పష్టంగా ఉంది. పుట్ట అంటే చెదల ఇల్లే. చెదలు పట్టి, సమాధి ఉండి, పైగా కీటకనాశిని ఎక్కించిన చెట్టు బెరడు మందుకు ఏ విధంగానూ తగదు. దానిని నమలడం మరీ ప్రమాదం.

పట్ట కావలసినవారు తమ ఊరి చెట్టును చూసుకోవాలి, లేదా నమ్మకమైన మూలికల దుకాణంలో కొనుక్కోవాలి. పిల్లలు చెట్ల మధ్య పరుగెత్తాలని కోరుకునేవారికి మహబూబ్‌నగర్ శివారులోనే అప్పన్నపల్లి అడవిలో మయూరి పార్కు ఉంది. ఇంకొంచెం దూరం పోగలిగితే మన్ననూరు దాటాక నల్లమల ఉండనే ఉంది. ఒకే చెట్టు మీద జిల్లా జనమంతా పడడం దేనికి? మర్రి కొమ్మ నాటినా బ్రతుకుతుంది. తొలకరి తరువాత చేతి మణికట్టంత లావు కొమ్మను ఇంటికి దూరంగా, ఊరుమ్మడి స్థలంలో లేదా చెరువుకట్టకు అవతల పాతి, రెండు వేసవులు నీళ్ళు పోసి, మేకలు ముట్టకుండా ముళ్ళకంప చుడితే చాలు. ఊరి బడి పిల్లల చేత ఈ పని చేయించండి. ఊడలు దిగిన తరువాత వాటిని పట్టుకొని ఊగవద్దని వారికి ఇతరులు చెప్పవలసిన అవసరం ఉండదు.