ఎమాన్యుయేలా ఫైలు విప్పండి

ప్రపంచంలోకెల్లా చిన్న దేశం వాటికన్. విస్తీర్ణం 44 హెక్టార్లు, జనాభా వెయ్యికి లోపు. ఆ దేశపు పౌరురాలైన పదిహేనేళ్ల పిల్ల 1983 జూన్ 22న కనిపించకుండా పోయింది. ఆ దేశం తనంతట తాను దర్యాప్తు తెరిచింది 2023 జనవరిలో. అచ్చుతప్పు కాదు. నలభై ఏళ్లు పట్టింది!

ఎమాన్యుయేలా ఒర్లాండీ తండ్రి పోపుగారి కొలువులో ఉద్యోగి. అయిదుగురు పిల్లలతో ఆ కుటుంబం వాటికన్ గోడల లోపలే కాపురముండేది. ఆ సాయంత్రం పిల్ల రోము నగరంలో సాంతపొల్లినారే చర్చిని ఆనుకుని ఉన్న సంగీత పాఠశాలకు ఫ్లూట్ నేర్చుకోవడానికి వెళ్లింది. ఎవరో సౌందర్య సామగ్రి అమ్మే పని ఇస్తానన్నాడని ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. మళ్లీ ఇల్లు చేరలేదు.

జులై 3న పోపు రెండవ జాన్ పాల్ ఆదివారం ప్రార్థన తర్వాత, ఈ ఘటనకు బాధ్యులైనవారు మానవత్వం చూపాలని బహిరంగంగా వేడుకున్నారు. పిల్ల తమ దగ్గరే ఉందని, పోపుమీద కాల్పులు జరిపిన మెహ్మెత్ అలీ అగ్జాను వదిలితేనే ఆమెను వదులుతామని బేరం పెట్టిన ఫోన్లు వచ్చింది ఆ తర్వాత. మరి అంతకుముందే దీని వెనుక ఎవరో ఉన్నారని పోపుకు ఎవరు చెప్పారు? దేన్ని బట్టి చెప్పారు? ఇది ద్వేషంతో అడిగే ప్రశ్న కాదు. ఏ ఊరి స్టేషన్‌లోనైనా కొత్తగా చేరిన ఎస్సై మొదట అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు కాగితాల్లో ఉండాలి. ఆ కాగితాలు చూపించమనే ఇన్నేళ్లుగా ఆమె అన్న పియెత్రో గొంతు చించుకుంటున్నాడు.

వాటికన్ చెప్పుకునే సమర్థన ఒకటే: మాయమైంది ఇటలీ గడ్డ మీద, కాబట్టి దర్యాప్తు ఇటలీ పని. బాగుంది. పిల్ల మీ పౌరురాలు, తండ్రి మీ ఉద్యోగి, బేరాల ఫోన్లు మీ కార్యాలయాలకూ వచ్చాయి, వాటిని విన్నవాళ్లు మీ మనుషులు. బాధ్యతకు మాత్రం సరిహద్దు అడ్డొచ్చిందా? అడిగినవాటికి జవాబులిచ్చాం, దాచిందేమీ లేదని 2012లో వాటికన్ ప్రతినిధి ఫాదర్ లొంబార్డీ ప్రకటించారు. దాచింది లేకపోతే పదకొండేళ్ల తర్వాత కొత్తగా దర్యాప్తు దేనికి?

ఇక సాంతపొల్లినారే సంగతి. రోములోని మాలియానా ముఠా నాయకుల్లో ఒకడిగా పేరుమోసిన ఎన్రికో దె పెదిస్‌ను 1990లో నడివీధిలో కాల్చి చంపారు. అతని శవానికి ఆ చర్చిలోనే సమాధి దొరికింది. దానికి అనుమతిచ్చింది రోము చర్చి వ్యవహారాలు చూసే కార్డినల్ పొలెత్తి. 2005లో ఓ అజ్ఞాత వ్యక్తి టీవీ కార్యక్రమానికి ఫోన్ చేసి, పిల్ల జాడ కావాలంటే ఆ సమాధిలో ఎవరున్నారో చూడమన్నాడు. దాన్ని తెరవడానికి 2012 దాకా ఆగారు. అందులో దె పెదిస్ ఉన్నాడు, ఎమాన్యుయేలా లేదు. సరే, లేదు. కానీ ముఠా మనిషికి చర్చిలో చోటు సులువుగా దొరకడం, చర్చి పక్కనే మాయమైన పిల్ల ఇంటివాళ్లకు ఒక్క జవాబు దొరక్కపోవడం, ఈ రెండూ ఒకే వ్యవస్థ నడిపిన తీరు కాదా?

2019లో వాటికన్ లోపలి ట్యుటోనిక్ శ్మశానంలో ఇద్దరు రాజవంశీయుల సమాధులు తవ్వారు. ఎమాన్యుయేలా సంగతి అటుంచి, ఆ రాజకుమార్తెల ఎముకలు కూడా లేవు! శవాలెక్కడున్నాయో లెక్క తెలియని యంత్రాంగం మా దగ్గర రహస్యాల్లేవంటే నమ్మాలట.

మాఫియా, బ్యాంకు కుంభకోణం, గూఢచారులు అంటూ కట్టుకథలతో పుస్తకాలూ సీరియళ్లూ నడుపుకున్నవాళ్లను నేను వెనకేసుకు రాను. కానీ ఆ దుకాణాలకు సరుకు అందించింది వాటికన్ మౌనమే. ఈ వ్యవహారంలో జాన్ పాల్ మీద పడిన నిందలు నిరాధారమని 2023లో పోపు ఫ్రాన్సిస్ అన్నారు. ఆధారం లేని నింద తప్పే. దాన్ని పోగొట్టేది ఆధారమే గాని ఖండన కాదు.

ఎమాన్యుయేలా మాయమైన 1983లోనే మే 7న, అదే రోములో, అదే వయసు పిల్ల మిరెల్లా గ్రెగోరీ కూడా మాయమైంది. ఆమె తండ్రి పోపు కొలువులో లేడు, బారు నడుపుకునేవాడు. ప్రపంచం ఆమె పేరు గుర్తుపెట్టుకోలేదు. పెద్దగోడ నీడ పడితేనే పిల్ల వార్త అవుతుందన్నమాట. ఈ సిగ్గు మాత్రం పత్రికలది, మనది.

రోము గొడవ మనకెందుకంటారా? పిల్ల కనబడటంలేదని స్టేషన్‌కు వెళ్లిన తల్లికి ‘ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది, రేపు రండి’ అన్న మాట మన దగ్గర కొత్తా? పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదునూ ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయాలని మన సుప్రీంకోర్టు 2013లో ఆదేశించాల్సి వచ్చిందంటేనే అర్థమవ్వాలి. ఫిర్యాదు తీసుకోని కానిస్టేబులూ, ఫైలు విప్పని కార్డినలూ చేసే పని ఒకటే: ఆశతో వచ్చినవాళ్లు అలిసిపోయేదాకా కాలం గడపడం. ఒర్లాండీ తండ్రి 2004లో కన్నుమూశాడు. ఆయన విషయంలో ఆ పని నెగ్గింది.

ఇటలీ పార్లమెంటు 2023లో ఈ ఇద్దరు పిల్లల కేసులపై విచారణ సంఘం వేసింది. వాటికన్ చేయాల్సింది కష్టమేమీ కాదు. 1983 నాటి ఫోన్ల వివరాలు, ఉత్తరాలు, అంతర్గత నోట్లు ఒక్క కాగితం మిగల్చకుండా ఆ సంఘం చేతిలో పెట్టాలి. విషయం తెలిసినవాళ్లలో బతికున్నవాళ్లను ప్రమాణం చేయించి బహిరంగంగా ప్రశ్నలకు నిలబెట్టాలి. సామాన్య విశ్వాసిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి పాపసంకీర్తనం చేయించే హక్కు తనకుందంటున్న వ్యవస్థ, తన వంతు వచ్చినప్పుడు రాజ్యాధికారం చాటున దాక్కోవడానికి వీల్లేదు.