కీబోర్డ్ అద్దెది, సౌండ్ మనది

హైదరాబాద్ బ్యాండ్‌కి వైజాగ్‌లో సంగీత్ షో వచ్చిందనుకోండి. గిటారిస్ట్ గిటార్ భుజాన వేసుకుని ఫ్లైట్ ఎక్కేస్తాడు. కీబోర్డ్ ప్లేయర్‌కి ఆ భాగ్యం లేదు. రోలాండ్ ఆర్‌డీ-2000 లాంటి 88 కీల స్టేజ్ పియానో ఒక్కటే 20 కిలోలు దాటుతుంది. మన దేశంలో మామూలు ఫ్లైట్ టికెట్‌కి లగేజీ సాధారణంగా 15 కిలోలు. కేస్ బరువు ఇంకా కలపనేలేదు.

అందుకే ఇప్పుడు చాలామంది లాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ బ్యాగులో పెట్టుకుని బయల్దేరుతున్నారు. పియానో, ఆర్గాన్, స్ట్రింగ్స్, వీణ, నాదస్వరం అన్నీ మ్యాక్ ఉన్నవాళ్లకి మెయిన్‌స్టేజ్‌లోనో, విండోస్ వాళ్లకి గిగ్ పెర్ఫార్మర్‌లోనో ఉంటాయి. వాయించే కీబోర్డ్ మాత్రం ఆ ఊళ్లో అద్దెకి తీసుకుంటారు.

తిరకాసంతా ఇక్కడే. ఫోన్‌లో చెప్పిన మోడల్ ఒకటి, స్టేజి మీద కనిపించేది ఇంకొకటి. అడిగితే "అదే సార్, అదే కంపెనీ, కొంచెం చిన్నది" అంటారు. సౌండ్ చెక్‌కి ఇచ్చేది పావుగంట. అందులో సగం డ్రమ్స్ వాళ్లే తినేస్తారు. పెళ్లికూతురు ఎంట్రీ మొదలయ్యాక పియానో పలకకపోతే తప్పు అద్దె కీబోర్డుదని ఎవరూ అనుకోరు. కీబోర్డ్ వాడికి వాయించడం రాదనుకుంటారు. తర్వాతి షోకి ఫోన్ రాదు.

ముందు కాస్త బేసిక్స్. కీబోర్డ్ నుంచి లాప్‌టాప్‌కి వెళ్లేది సౌండ్ కాదు, మిడి మెసేజ్‌లు. 1983లో వచ్చిన ఈ పద్ధతిలో 'ఫలానా నోట్, ఇంత బలంగా నొక్కారు' అన్న సంగతి 0 నుంచి 127 లోపు అంకెల్లో వెళ్తుంది. మిడిల్ సీ ఏ కంపెనీ కీబోర్డ్‌లోనైనా 60. మాడ్యులేషన్ కంట్రోల్ నంబర్ 1, ఎక్స్‌ప్రెషన్ 11, సస్టెయిన్ పెడల్ 64. ఇంతవరకూ అన్ని కంపెనీలూ ఒక్కమాట మీదే ఉన్నాయి. నాబ్‌లు, ఫేడర్ల దగ్గరికొచ్చేసరికి ఎవరి గోల వాళ్లది. ఒకదాంట్లో మొదటి నాబ్ 74 పంపితే, ఇంకోదాంట్లో 21 పంపుతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. 40 పాటలు, పాటకి 6 నాబ్‌లు. ప్రతి నాబ్‌నీ నేరుగా ప్లగిన్‌కి 'లెర్న్' కొట్టి కలిపితే 240 లింకులు. కీబోర్డ్ మారితే 240 మళ్లీ కలపాలి. ఆఫీసులో డేటాబేస్ మారిందని యాప్ మొత్తం తిరగరాస్తామా? మధ్యలో ఒక పొర పెడతాం. యాప్ ఆ పొరతోనే మాట్లాడుతుంది, మారేది పొర వెనక మారుతుంది. రిగ్‌కీ అదే కావాలి. పాటలోని ఫిల్టర్ 'రిగ్‌లోని మొదటి నాబ్' అన్న పేరుతో కలవాలి. ఆ మొదటి నాబ్ ఈరోజు ఏ కీబోర్డ్‌లో ఏ నంబర్ అన్నది ఒక్కచోటే ఉండాలి. అప్పుడు 240 పని 6కి దిగుతుంది.

మెయిన్‌స్టేజ్‌లో ఈ పొర రెడీగా ఉంది. లేఅవుట్ మోడ్‌లో స్క్రీన్ మీద నాబ్‌లు, పెడళ్లు, కీలు పెట్టుకుని అసలు కీబోర్డ్‌ని వాటికి మాత్రమే కలపాలి. పాటలన్నీ స్క్రీన్ నాబ్‌లతోనే లింక్ అవుతాయి. గిగ్ పెర్ఫార్మర్‌లో రిగ్ మేనేజర్ అని ఉంటుంది. 'మెయిన్ కీబోర్డ్' అని మారుపేరు పెట్టుకుని, ఈరోజు ఆ పేరు ఏ డివైస్‌దో చెప్తే చాలు.

అయినా నాబ్‌ల కోసం అద్దె కీబోర్డ్ మీద ఆధారపడటమే వద్దంటాను. కార్గ్ నానోకంట్రోల్2 లాంటిది లాప్‌టాప్ బ్యాగులోనే పడుతుంది. 8 ఫేడర్లు, 8 నాబ్‌లు, కావలసినన్ని బటన్లు. వాల్యూమ్‌లు, ఫిల్టర్, పాట మార్చడం అన్నీ దాని మీదే. అద్దె కీబోర్డ్ ఇవ్వాల్సింది కీలు, పిచ్ బెండ్, పెడల్ గుచ్చే రంధ్రం. అంతే. పాత కీబోర్డ్ వచ్చినా సాధారణంగా ఇవి ఉంటాయి.

కీల సంఖ్య కూడా చూసుకోవాలి. 88 కీలంటే 21 నుంచి 108 వరకు నోట్లు. 61 అయితే మామూలుగా 36 నుంచి 96. ఎడమచేతి బాస్ స్ప్లిట్ 36 కింద పెట్టుకున్నవాళ్లకి 61 కీల దాని మీద బాస్ లేనట్టే. ఆక్టేవ్ బటన్ నొక్కితే స్ప్లిట్ మొత్తం పక్కకి జరిగిపోతుంది. ఇంట్లో 88 ఉన్నా సరే, రిగ్ 61 కోసమే కట్టండి.

మనవాళ్లకి అన్నిటికంటే ముఖ్యం పిచ్ బెండ్. ఫ్లూట్, నాదస్వరం బిట్లలో గమకం పలికేది అక్కడే. యమహా ఎంఓడీఎక్స్‌లో పిచ్‌కీ మాడ్యులేషన్‌కీ రెండు వేర్వేరు చక్రాలు. రోలాండ్ జూనో-డీఎస్‌లో రెండూ ఒకే లీవర్. పక్కకి తోస్తే పిచ్, ముందుకి తోస్తే మాడ్యులేషన్, వదిలేస్తే వెనక్కి వచ్చేస్తుంది. కార్గ్ క్రోమ్, క్రోనోస్‌లలో జాయ్‌స్టిక్. ముందుకి తోస్తే కంట్రోల్ 1, వెనక్కి లాగితే కంట్రోల్ 2. చక్రం మీద సాధన చేసిన చెయ్యి లీవర్ మీద వెంటనే కుదరదు. దానికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. సౌండ్ చెక్‌లో ఆ బిట్ నాలుగుసార్లు వాయించుకోవాల్సిందే. రిగ్‌లో చేయగలిగిందల్లా ఒకటి: పెట్టినచోటే ఆగాల్సిన దేన్నీ మాడ్యులేషన్‌కి కలపకండి. ఆర్గాన్ స్పీకర్ వేగం లాంటివి బటన్‌కి ఇవ్వండి.

టచ్ మరో తలనొప్పి. పియానోలాంటి బరువైన కీల మీద మామూలుగా అనిపించే దెబ్బ, తేలికైన సింథ్ కీల మీద వేరే అంకెగా వెళ్తుంది. మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా వాయించి లాప్‌టాప్‌లో అంకెలు చూడండి. గట్టిగా కొట్టినా 100 దాటకపోతే ముందు ఆ కీబోర్డ్ మెనూలో టచ్ సెట్టింగ్ మార్చండి. చాలకపోతే రిగ్‌లో ఇన్‌పుట్ దగ్గర ఒక్కచోట సర్దండి. పాట పాటకీ సర్దడం మొదలుపెడితే మళ్లీ 240 కథే.

అద్దెకి వచ్చేది వర్క్‌స్టేషన్ అయితే దానికి సొంత తెలివి ఉంటుంది. ఎవరో దాటుతూ ప్యాచ్ బటన్ తాకితే అది ప్రోగ్రామ్ చేంజ్ పంపుతుంది, మీ లాప్‌టాప్ ఇంకో పాటకి దూకుతుంది. కొన్ని ప్యాచ్‌లు ఒకే నోట్‌ని రెండు మూడు చానళ్లలో పంపుతాయి. రిగ్ అన్ని చానళ్లూ వింటుంటే సౌండ్ డబుల్. మెయిన్ కీబోర్డ్ నుంచి ప్రోగ్రామ్ చేంజ్, కంట్రోల్ 7 బ్లాక్ చేసి, ఒక్క చానల్ మాత్రం వినమనండి. ఇది ఇంట్లోనే చేసి పెట్టుకోవచ్చు.

పెడల్ మీదే తీసుకెళ్లండి. ఎం-ఆడియో ఎస్‌పీ-2 లాంటి, కింద పోలారిటీ స్విచ్ ఉన్నది మేలు. చాలా కీబోర్డ్‌లు ఆన్ అయ్యేటప్పుడే పెడల్ రకం కనిపెడతాయి. ఆ క్షణంలో కాలు దాని మీద ఉందా, తొక్కితే ఆగి వదిలితే మోగుతుంది. ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కి యమహా వైరింగ్ ఒక రకం, రోలాండ్‌ది ఇంకో రకం. కాబట్టి ఆ పని కూడా నానో ఫేడర్‌కే.

కేబుల్ సంగతి. కొన్ని కీబోర్డ్‌లకి యూఎస్‌బీ డ్రైవర్ కావాలి. ఫంక్షన్ హాల్ సెల్లార్‌లో నెట్ రాదు. జూనో-డీఎస్ అయితే మెనూలో డ్రైవర్‌ని జెనరిక్‌కి మార్చొచ్చు. చాలావాటికి పనికొచ్చేది పాత ఐదు పిన్నుల మిడి కేబుల్, దానికో చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్. బ్యాగులో ఓ మూల పడేయండి.

ఐదు నిమిషాలే ఇస్తే చానల్, పెడల్, టచ్ చూసుకోండి. మిగతావి లేకపోయినా షో నడుస్తుంది.

షో అయ్యాక ఆరోజు సెట్టింగ్‌ని మోడల్ పేరుతో సేవ్ చేయండి. అదే కీబోర్డ్ ఇంకో ఊళ్లో ఎదురైతే రెండు నిమిషాల పని. అద్దె కీబోర్డ్ సొంత సౌండ్ రాకుండా లోకల్ కంట్రోల్ ఆఫ్ చేసి ఉంటే, దాన్ని మళ్లీ ఆన్ చేసి ఇవ్వండి. లేకపోతే రేపు దాన్ని తీసుకెళ్లినతను కీలు నొక్కుతూ, సౌండ్ ఎందుకు రావట్లేదా అని కేబుళ్లన్నీ పీకి చూస్తుంటాడు.